పసిబిడ్డ బట్టలు ఉతకడం, ఆరేయడం, దాచడం: తరచుగా అడిగే ప్రశ్నలు

పురుటి వార్డులో నర్సుగా చాలా ఏళ్ళు చేసి రిటైరయ్యాను. తిరుపతిలో బైరాగిపట్టెడ దగ్గర మా ఇల్లు. చుట్టాల్లో గానీ వీధిలో గానీ ఎవరికి కాన్పయినా మూడో రోజుకల్లా నాకు ఫోన్ వస్తుంది. పాల గురించి, కామెర్ల గురించి డాక్టర్ని అడుగుతారు. గుడ్డల గురించి అడగడానికి మొహమాటం, అందుకని నన్ను అడుగుతారు. అవే ప్రశ్నలు మళ్ళీ మళ్ళీ వస్తున్నాయని ఇక్కడ రాసి పెడుతున్నా. కొన్ని జవాబులు పొడుగు, కొన్నింటికి ఒక్క ముక్క చాలు.

అంగట్లో కొన్న కొత్త జుబ్బా ఉతక్కుండా తొడగొచ్చా?

వద్దు. కవర్లోంచి తీసిన జుబ్బా నలగకుండా నిగనిగలాడుతోందంటే దానికి గంజో, ముడతలు పడకుండా పట్టించిన మందో ఉన్నట్టే. ఆ మందుల్లో ఫార్మాల్డిహైడ్ రకానివి కూడా ఉంటాయి. పసిబిడ్డ చర్మం మన చర్మంకంటే పల్చన, తగిలినదాన్ని తొందరగా పీల్చుకుంటుంది. మామూలు నీళ్ళలో అరగంట నానబెట్టి చూడండి. ఎరుపు, నీలం జుబ్బాలైతే బక్కెట్లో నీళ్ళే చెబుతాయి. రంగు దిగడం ఆగేదాకా విడిగా ఉతకండి. మెడ వెనక కుట్టిన కంపెనీ చీటీని కుట్టు దగ్గరికి కత్తిరించేయండి. బిడ్డ ఊరికే ఏడుస్తోందని నన్ను పిలిపించిన ఒక ఇంట్లో దోషం ఆ చీటీదే, మెడ మీద గీతలా ఎర్రగా కోసుకుపోయింది.

గుడ్డ మీద ముద్ర సిరా ఉంటే అదీ పోవాలి. గుడ్డల మీద కొట్టిన అనిలిన్ సిరా ముద్ర వల్ల పసిబిడ్డలు నీలంగా మారారని 1886లోనే ఇంగ్లండు వైద్యులు రాసిపెట్టారు. ఆ సిరా చర్మంలోంచి రక్తంలోకి పోయి, రక్తం ఆక్సిజన్ మోయకుండా చేసింది. ఇప్పటి సిరాలు వేరు. అయినా ఉతకడానికి పోయేది అరగంటే కదా.

పురుడు వెళ్ళేదాకా పాత గుడ్డలే వేయాలని మా అత్త అంటోంది. చాదస్తమా?

కాదు, మీ అత్త మాటే వినండి. పొత్తి గుడ్డలకు పాత నూలు చీరను మించింది లేదు. వందసార్లు ఉతికిన చీరలో గంజి ఉండదు, దిగాల్సిన రంగు ఎప్పుడో దిగిపోయి ఉంటుంది, పోగులు మెత్తబడి ఉంటాయి. మా అవ్వ వెంకటగిరి చీరను చింపి మా పెద్దదానికి పొత్తి గుడ్డలు చేసింది. చింపేముందు జరీ అంచు రెండువైపులా కత్తెరతో తీసేసింది. జరీ పోగు ఒక్కటి ఉన్నా ఒళ్ళు గీరుకుపోతుంది. సిల్కు, పాలిస్టరు చీరలు మాత్రం పనికిరావు, అవి తడి పీల్చవు.

చుట్టేటప్పుడు కాళ్ళు చాపి బిగించి కట్టకండి. పిరుదుల దగ్గర వదులుగా ఉండి, బిడ్డ కాళ్ళు మడుచుకునే వీలుండాలి. తుంటి కీళ్ళకు అది మంచిది. పిన్నీసులు అసలు వద్దు.

పాత గుడ్డలు మంచివే గానీ, అవి ఇన్నాళ్ళూ ఎక్కడ ఉన్నాయన్నది ముఖ్యం. కింది ప్రశ్న తప్పకుండా చదవండి.

బీరువాలో కలరా ఉండలు వేసి దాచిన బట్టలు బిడ్డకు వేయొచ్చా?

ఈ పేజీలో ఒక్క జవాబే చదివే ఓపిక ఉంటే ఇది చదవండి. వేయకూడదు.

కలరా ఉండ అంటే నాఫ్తలీన్. అది కరిగి నీరు కాదు, ఉన్నదున్నట్టే గాలిలోకి ఆవిరైపోతుంది. ఉండ చిక్కిపోతూ వస్తుందంటే ఆ పోయిందంతా చీరల మడతల్లోకి చేరినట్టు. కొందరు పిల్లలకు పుట్టుకతోనే జి6పిడి అనే ఎంజైము తక్కువ ఉంటుంది. మగపిల్లల్లో ఇది ఎక్కువ. పైకి ఏ తేడా తెలియదు. అలాంటి బిడ్డకు నాఫ్తలీన్ ఆవిరి తగిలితే ఎర్ర రక్తకణాలు పగిలిపోతాయి, కామెర్లు ముదిరిపోతాయి. కామెర్లు మరీ పెరిగితే మెదడుకు దెబ్బ.

ఇంకో సంగతి. నాఫ్తలీన్ నూనెలో కరుగుతుంది. మనం ఏం చేస్తాం? బిడ్డకు ఒళ్ళంతా నూనె పట్టించి, నీళ్ళు పోసి, ట్రంకు పెట్టెలోంచి తీసిన మెత్తటి గుడ్డలో చుడతాం. నూనె ఒంటికి ఆ మందు ఇంకా సులువుగా ఎక్కుతుంది. ప్రేమతో చేసే పనులు రెండూ కలిసి ఎంత కీడు చేస్తాయో చూడండి.

వార్డులో ఉన్నప్పుడు ఒక బాబును నాలుగో రోజున తెచ్చారు. అరికాళ్ళదాకా పసుపు, పాలు తాగడం లేదు, పిలిస్తే కళ్ళు తెరవడం లేదు. ఎత్తుకోగానే నాకు బిడ్డ వాసన రాలేదు, బీరువా వాసన వచ్చింది. జేజమ్మ ఆరేళ్ళుగా దాచిన దుప్పటి అది. రక్తం మార్చాల్సి వచ్చింది. బాబు బతికాడు. ఆ జేజమ్మ ముఖం మాత్రం నేను మర్చిపోలేదు.

కాబట్టి కాన్పుకు నెల ముందే ఆ బట్టలు తీయండి. మిద్దె మీద గాలికి, ఎండకు రోజుల తరబడి వేయండి. ఉతకండి, మళ్ళీ ఆరేయండి. ముక్కు దగ్గర పెట్టుకుంటే వాసన తగిలితే మళ్ళీ మొదలు. నాలుగైదుసార్లకీ పోకపోతే ఆ గుడ్డ బిడ్డకు వద్దు, ఇల్లు తుడవడానికి వాడుకోండి. బాలింత చీరలు, బొంత, ఉయ్యాల చీర కూడా లెక్కలోకే వస్తాయి. బిడ్డ ముఖం రోజంతా ఆనేది తల్లి పైట మీదే కదా.

మరి పురుగు పట్టకుండా ఏం పెట్టాలి? కర్పూరం?

కర్పూరం కూడా వద్దు. మింగితే పిల్లలకు ఫిట్స్ వస్తాయి. పాకే వయసొచ్చాక బీరువా అడుగున దొరికింది నోట్లో పెట్టుకోని పిల్ల ఉంటుందా? బాగా ఎండిన వేపాకు పల్చటి గుడ్డలో మూట కట్టి ఒక మూలన పెట్టండి. నూలు బట్టలకు చెమ్మ లేకపోతే చాలు, ఏ మందూ అక్కర్లేదు.

ఏ సబ్బు వాడాలి? పిల్లల లిక్విడ్లు వేరే కొనాలా?

కొనగలిగితే కొనండి, లేకపోతే బెంగపడకండి. ఇంట్లో వాడే పొడే తక్కువ వేసి బాగా జాడిస్తే చాలామంది పిల్లలకు ఏమీ కాదు. ఘాటు వాసన లేనిది చూసుకోండి. బట్ట మెత్తబడటానికి చివర్లో పోసే కండిషనర్ గోచీ గుడ్డలకు వద్దు, అది గుడ్డకు పూతలా పట్టుకుని తడి పీల్చనివ్వదు. నీలిమందు అక్కర్లేదు. పసిబిడ్డ గుడ్డలు తెల్లగా మెరిసి ఎవరికి చూపించాలి?

కుంకుడుకాయ రసం మంచిదే, ఉప్పునీళ్ళలో కూడా నురగ వస్తుంది. తెల్లబట్టలు కొంచెం మాసిన రంగు తిరుగుతాయి, అంతే.

ప్రతిసారీ యాంటీసెప్టిక్ వేసి నానబెట్టాలా?

రోజూ వద్దు. జాడించినా కొంత గుడ్డలో మిగిలి, మెత్తటి చోట మంట పుట్టిస్తుంది. వేడినీళ్ళు, సబ్బు, ఎండ చాలు.

మా బోరు నీళ్ళలో ఉతికితే గుడ్డలు అట్టల్లా అవుతున్నాయి. ఏం చేయాలి?

తిరుపతిలో చాలా ఇళ్ళ గోడు ఇది. కళ్యాణి డ్యాం నీళ్ళో, తెలుగుగంగ నీళ్ళో కొళాయికి వచ్చినరోజు బట్టలు ఒకలా ఉంటాయి, బోరు నీళ్ళ రోజు ఇంకోలా ఉంటాయి. బోరు నీళ్ళలో కాల్షియం, మెగ్నీషియం ఉంటాయి. సబ్బు వాటితో కలిసి తెల్లటి తెట్టులా విరిగిపోతుంది. బక్కెట్ అంచుకు జిడ్డుగా పట్టే ఆ తెట్టే గుడ్డ పోగుల్లోనూ ఇరుక్కుంటుంది. ఎండితే గరుకు. నురగ రావడం లేదని ఇంకాస్త సబ్బు రుద్దుతాం, తెట్టు ఇంకాస్త పెరుగుతుంది.

అందుకని బోరు నీళ్ళయితే సబ్బు బిళ్ళకంటే పొడిగానీ లిక్విడ్ గానీ నయం, అవి అంతగా విరగవు. ఉతకడం ఏ నీళ్ళతో అయినా, ఆఖరి జాడింపు ఒక్కటి కొళాయి నీళ్ళతో చేయండి. బిడ్డ గుడ్డలన్నింటికీ కలిపి ఒక బక్కెట్ పక్కన పెట్టుకోవడం పెద్ద కష్టమేం కాదు. వానాకాలంలో మిద్దె మీంచి పట్టిన వాన నీళ్ళు ఇంకా మేలు. మిద్దె శుభ్రంగా ఉండాలి, మొదటి వాన వదిలేయాలి.

జాడింపు సరిపోయిందా లేదా తెలియాలంటే, ఆరిన గోచీ గుడ్డ ఒకటి తీసుకుని తెల్ల గిన్నెలో మంచినీళ్ళు పోసి అందులో నాలుగుసార్లు నలపండి. నీళ్ళు పాలలా తెల్లబడినా, అంచుల్లో సన్నటి బుడగలు నిలిచినా సబ్బు ఇంకా గుడ్డలోనే ఉంది. నేను మా కోడలికి ఇది చూపించిన రోజు మూడు జాడింపులు చేశానని ఒట్టేసింది. గిన్నెలో నురగ చూసి నవ్వేసింది. మురికి పోవడానికి పడే శ్రమలో సగం సబ్బు పోవడానికి పెట్టండి. ఎర్రబడిన పిరుదులకు నేను చూసిన కారణాల్లో మురికికంటే మిగిలిపోయిన సబ్బే ఎక్కువ.

ఆరాక గరుకుగా ఉంటే రెండు చేతులతో గుడ్డను నలిపి, గట్టిగా దులపండి. సగం ఆరాక నీడలో గాలికి వేసినా మెత్తగా ఉంటుంది.

ఎన్ని గుడ్డలు ఉండాలి?

అయిదో రోజు దాటాక బిడ్డ రోజుకు ఆరుసార్లయినా ఉచ్చ పోయాలి, పాలు సరిపోతున్నాయనడానికి గుర్తది. చాలామంది అంతకంటే ఎక్కువే పోస్తారు. గోచీ గుడ్డలు రెండు డజన్లు, జుబ్బాలు ఎనిమిది, తుడుచుకునే తువ్వాళ్ళు నాలుగు, పరుపు మీదికి గుడ్డలు ఆరు. కార్తీక మాసం కాన్పయితే గోచీ గుడ్డలు ఇంకో డజను చేర్చండి. జుబ్బాలు ఎక్కువ కొనకండి, నెలకే బిగుతవుతాయి.

దొడ్డికి పోయిన గుడ్డలు ఎలా ఉతకాలి?

మొదటి రెండు మూడు రోజులు తారులా నల్లగా జిగటగా పోతారు. అది గుడ్డకు అంటితే ఒక పట్టాన వదలదు. ఆ రోజులకు బాగా పాతవి వాడి పారేయండి. బిడ్డ పిరుదులకు ముందే కొబ్బరినూనె రాసిపెడితే తుడవడం తేలిక. తర్వాత పచ్చగా, అటుపై ఆవపిండి ముద్దలా పసుపుగా మారుతుంది.

ముందు మలాన్ని మరుగుదొడ్లో దులిపేసి, గుడ్డను పారే చల్లటి నీళ్ళ కింద పెట్టండి. మొదటే వేడినీళ్ళు పోస్తే మరక ఉడికి కూర్చుంటుంది. పాల మరకకూ రక్తపు మరకకూ ఇంతే. తర్వాత సబ్బు నీళ్ళలో అరగంట నానబెట్టి, ఉతికి, ఆపైన కావాలంటే వేడినీళ్ళు. నీళ్ళు తేటగా దిగేదాకా జాడించండి. చేతులు సబ్బుతో కడుక్కున్నాకే బిడ్డను తీసుకోండి.

నానబెట్టిన బక్కెట్‌కు గట్టి మూత ఉండాలి. ఇంట్లో రెండేళ్ళ పెద్దపిల్ల ఉంటే మూతమీద కూడా నమ్మకం పెట్టుకోకండి, బక్కెట్ బాత్‌రూంలో పెట్టి బయట గడియ వేయండి. జానెడు నీళ్ళు చాలు ప్రమాదానికి. రాత్రంతా నానబెట్టడం వల్ల ఒరిగేదేమీ లేదు, కంపు తప్ప.

మరకలు పోవడం లేదు…

పసుపు పచ్చటి దొడ్డి మరక ఉతికాక కూడా ఉంటే తడిగా ఉండగానే ఎండలో వేయండి. సాయంత్రానికి వెలిసిపోతుంది. ఒంటికి రాసుకునే పసుపు మరకైతే సబ్బు తగలగానే ఎర్రబడుతుంది, కంగారు పడకండి. ఉతికి ఎండలో వేస్తే అదీ పోతుంది. కాటుక మరక అంటే నూనె, మసి. నూనె సబ్బుకు పోతుంది, మసి కొంత ఉండిపోతుంది. అసలు కాటుక పెట్టకపోతే మరకా లేదు, కంటికి కలకా రాదు. ఐరన్ చుక్కల మరకకు బ్లీచింగ్ తగిలిస్తే ఇంకా గట్టిపడుతుంది. నిమ్మరసం, ఉప్పు రాసి చూడండి, తర్వాత బాగా జాడించండి.

మర్దన నూనె జుబ్బాలకు పట్టి పాత నూనె వాసన వస్తుంటే ఆ జుబ్బాలను వేడినీళ్ళు, పొడితో విడిగా ఉతకండి.

మెషీన్లో అందరి బట్టలతో కలిపి వేయొచ్చా?

జుబ్బాలు, తువ్వాళ్ళు తల్లి బట్టలతో వేసుకోవచ్చు. దొడ్డి గుడ్డలు చేత్తో ఒకసారి జాడించాకే మెషీన్లోకి. వేడి పెట్టే వీలుంటే వాటికి 60 డిగ్రీలు పెట్టండి. ఎక్స్‌ట్రా రిన్స్ బటన్ ఉన్నది ఇలాంటి వాటికే. జుబ్బా దారాలు ముడేసి వేయండి, లేకపోతే అన్నీ జడలా పెనవేసుకుంటాయి.

ఒక్కరి బట్టలు మాత్రం ఎప్పుడూ కలపకండి. మన చిత్తూరు వైపు మామిడి పూతకొచ్చే రోజుల్లో మగవాళ్ళు తోటల్లో మందు కొట్టి వస్తారు. ఆ చొక్కా, లుంగీ వేరే బక్కెట్లో, వేరే పూట ఉతకాలి. వాళ్ళు స్నానం చేశాకే బిడ్డను ఎత్తుకోవాలి.

పొద్దుగూకాక బిడ్డ బట్టలు బయట ఉంచకూడదంటారు, పక్షి దోషం నిజమేనా?

దండెం మీది బట్టల పైనుంచి పక్షి ఎగిరితే బిడ్డ చిక్కిపోతుందని నేను నమ్మను. బిడ్డ చిక్కిపోతుంటే బరువు చూపించి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాలి. కానీ పొద్దుగూకకముందే బట్టలు లోపలికి తేవాలన్న మాట మాత్రం మంచిదే. మంచు పడి చెమ్మెక్కుతాయి, పురుగూ పుట్రా ఎక్కుతాయి. పాలు కక్కిన గుడ్డ సరిగా ఉతక్కుండా పిట్టగోడ మీద ఆరేస్తే గంటలో చీమల బారు. చీమ పట్టిన జుబ్బా తొడిగి, రాత్రంతా ఎందుకేడుస్తోందో తెలియక దిష్టి తీసిన వాళ్ళను నేనెరుగుదును. మడతపెట్టేముందు ఒక్కొక్కటీ తిరగేసి దులపండి.

వానల్లో ఆరేదెలా?

మనకు వానలు ఆశ్వయుజ, కార్తీకాల్లో. 2021 నవంబరులో తిరుపతి వీధులు ఏరులై పారిన వారం ఎవరూ మర్చిపోరు, ఆ వారం మా పక్కింట్లో నాలుగు రోజుల బిడ్డ. ఫ్యాను కింద గదిలో తాడు కట్టి, రెండు గుడ్డల మధ్య జానెడు ఎడం ఉంచి ఆరేశాం. మందపు తువ్వాళ్ళు పక్కనపెట్టి పల్చటి చీర ముక్కలే వాడాం, అవి మూడు గంటల్లో ఆరాయి. మిగిలిన చెమ్మకు ఇస్త్రీ. చెమ్మ ఉన్న గుడ్డ కడితే తొడల సందుల్లో బూజు రకం పుండ్లు లేస్తాయి, ఆ వారం డైపర్లు వాడుకోండి, తప్పేం లేదు.

సాంబ్రాణి పొగకు పట్టి ఆరబెట్టడం మాత్రం వద్దు. ఆ పొగ బిడ్డ ఊపిరితిత్తులకు పడదు.

ఏప్రిల్, మే నెలల్లో ఇబ్బంది ఇంకోటి. నలభై డిగ్రీలు దాటిన ఎండలోంచి తెచ్చిన జుబ్బా హుక్కులు, బటన్లు కాలిపోతుంటాయి. నీడలో చల్లారనిచ్చి తొడగండి.

ఇస్త్రీకి బయట ఇవ్వొచ్చా?

బిడ్డవి ఇంట్లోనే చేసుకోండి. గుర్తు కోసం నల్లజీడి రసంతో చుక్క పెట్టే అలవాటు కొన్నిచోట్ల ఇంకా ఉంది. పెద్దవాళ్ళకే అది తగిలినచోట బొబ్బలెక్కుతుంది.

టోపీలు, సాక్సులు, చేతి తొడుగులు?

ఎండాకాలంలో ఇంట్లో ఉన్ని టోపీ పెట్టి, ఒళ్ళంతా చెమటకాయలు వచ్చాయని వస్తారు. పుట్టిన మొదటి గంటల్లో, చలి గదిలో టోపీ కావాలి. మే నెల మధ్యాహ్నం వద్దు.

తొడుగులు, సాక్సులు తొడిగేముందు లోపలివైపు బయటికి తిప్పి చూడండి. లోపల వేలాడే దారం గానీ, తల్లి తల వెంట్రుక గానీ బిడ్డ వేలికి చుట్టుకుంటే రక్తం ఆగిపోతుంది. కాన్పయిన మూడు నాలుగు నెలలకు తల్లికి జుట్టు బాగా ఊడుతుంది, ఆ రోజుల్లో ఇంకా జాగ్రత్త. కారణం తెలియకుండా బిడ్డ గుక్కపట్టి ఏడిస్తే కాలివేళ్ళు విప్పి చూడండి. చుట్టుకున్నది తీయడం మీ చేత కాకపోతే ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి పరుగెత్తండి.

బారసాలకు పట్టు బట్టలు?

లోపల ఉతికిన నూలు జుబ్బా వేసి పైన పట్టు. ఫోటో అవగానే తీసేయండి. అమ్మమ్మగారి బీరువాలోంచి వచ్చిన పట్టయితే ముందు వాసన చూడండి, ఎందుకో పైన చెప్పాను.

పుట్టు వెంట్రుకలకు తిరుమల వెళ్తున్నాం. ఎన్ని జతలు తీసుకెళ్ళాలి?

నాలుగు. కళ్యాణకట్టలో గుండు అవుతుండగా సన్నటి వెంట్రుక ముక్కలు జుబ్బా మెడలోకి పోతాయి, బిడ్డ గీరుకుని గీరుకుని ఏడుస్తుంది. ఆ జుబ్బా తీసేసి, తలకు, మెడకు నీళ్ళు పోసి, కొత్తది వేయండి. తీసింది కవర్లో విడిగా కట్టండి, ఇంటికొచ్చాక దులిపి తిరగేసి ఉతకండి. కొండమీద సాయంత్రం చలి, గుండు తలకు పల్చటి నూలు టోపీ ఉండాలి.

ఎర్రబడితే బట్టల వల్లనా, ఇంకేదైనానా?

ఎక్కడ ఎర్రబడిందో చూడండి. మెడ చుట్టూ, నడుము పట్టీ దగ్గర, చంకల్లో గుడ్డ ఒరుసుకునే చోట అయితే బట్టనో సబ్బునో అనుమానించండి. సబ్బు మార్చి, జాడింపు పెంచి మూడు రోజులు చూడండి. చీము పొక్కులు, చర్మం ఊడటం, జ్వరం, పాలు తాగకపోవడం ఉంటే ఆ మూడు రోజులు ఆగొద్దు. బిడ్డ అరచేతులు, అరికాళ్ళదాకా పసుపెక్కినా, మూత్రం ముదురు రంగులో వచ్చినా అదే రోజు ఆసుపత్రికి వెళ్ళండి. కలరా ఉండల బట్టలు వాడి ఉంటే ఆ మాట డాక్టరుకు చెప్పండి. సిగ్గుపడి దాచిన గంటలు బిడ్డకు ఖరీదవుతాయి.

చిన్నవైపోయిన బట్టలు ఏం చేయాలి?

సాగిపోయినవి, మరకలవి తుడుపుగుడ్డలు. మంచివి ఉతికి, రెండు రోజులు ఎండబెట్టి, నూలు సంచిలో వేసి మీ చెల్లెలికో పక్కింటి కడుపుతో ఉన్న పిల్లకో ఇవ్వండి. నేను మా మనవరాలి జుబ్బాలు ఇచ్చేటప్పుడు మూటలో ఒక చీటీ పెడతాను: "కలరా ఉండలు వేయలేదు. అయినా ఒకసారి ఉతికి తొడుగు."